ఎడమ వెనక స్పీకర్ పక్క కుర్చీ

జూన్ 2, ఆదివారం

కొత్త రిసీవర్ వచ్చేసింది. పాతదాన్ని చెల్లి గదిలోకి తోశాను. చెల్లి వెంటనే దాని మీద తడి తువ్వాలు ఆరేసింది. పోనీ, పాతదే కదా.

పొద్దున్నంతా వైర్లతోనే సరిపోయింది. ఎదురుగా మూడు స్పీకర్లు, వెనక రెండు, మూలన సబ్‌వూఫర్. మనుషుల మాటలన్నీ ఎదురుగా మధ్య స్పీకర్‌లోంచి వస్తాయి. ఉరుములూ బాంబులూ సబ్‌వూఫర్‌లోంచి. ఒక్క టీవీకి ఇన్ని నోళ్ళెందుకే అని నాన్న ఇవాళ కూడా అడిగాడు. డ్రైవింగ్ స్కూల్లో పొద్దస్తమానం హారన్లు వినే మనిషికి ఏం చెప్తాం.

మధ్యాహ్నం కాలిబ్రేషన్. రిసీవర్‌తో పాటు ఒక చిన్న మైకు ఇస్తారు. దాన్ని స్టాండు మీద, కూర్చున్న మనిషి చెవుల ఎత్తులో పెట్టాలి. స్పీకర్లు ఒకదాని తర్వాత ఒకటి కూత పెడతాయి. మైకు అవన్నీ విని, ఆ చోట కూర్చున్నవాళ్ళకి ఏది ఎంత వినపడాలో రిసీవర్ సర్దుకుంటుంది. గదిలో మనుషులు కూర్చునే ప్రతి చోటా పెట్టి కొలవమని పుస్తకంలో ఉంది. నేను నా కుర్చీ దగ్గర మాత్రమే పెట్టాను. నలుగురికీ సర్దిన సౌండు ఎవరికీ సరిగ్గా ఉండదు. ఇది డెసిబెల్ మామ మాట. మా డిస్కులు పోగేసేవాళ్ళ గ్రూపులో ఆయనే పెద్ద. అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. మధ్య స్పీకర్ కాస్త తగ్గిస్తే బొమ్మ పెద్దదైనట్టుంటుంది అని కూడా చెప్పాడు. తగ్గించాను.

ఫ్రిజ్ ఆపేశాను, ఫ్యాన్లు ఆపేశాను, ఎవరూ దగ్గకూడదన్నాను. శవం లేచిన ఇంట్లో కూడా ఇంత నిశ్శబ్దం ఉండదే అక్కా అంది చెల్లి. అంతా బాగానే సాగుతుంటే సరిగ్గా మధ్యలో వంటింట్లోంచి ఢాంమని మూత చప్పుడు. అమ్మ. మొదలైందని తెలీలేదమ్మా అంది. కూతలు మేడ మెట్ల దాకా వినపడుతుంటే తెలీలేదట! మళ్ళీ మొదటినుంచీ చేశాను.

సాయంత్రం వాన సీను ఒకటి వేసి చూశాను. నా కుర్చీలో కూర్చుంటే చినుకులు భుజాల మీద పడ్డట్టే ఉంది. ఇంతకంటే ఏం కావాలి మనిషికి.


జూన్ 9, ఆదివారం

మా ఇంట్లో ఆదివారం ఆట ఉంటుంది. నేను వేస్తాను, వాళ్ళు చూస్తారు. నిజానికి ఇప్పుడు వచ్చేది అమ్మ ఒక్కతే. నాన్న టైటిళ్ళు పడేలోపే గురక. చెల్లి, నీ చీకటి గదికంటే నా ఫోనే నయం అని మానేసింది.

రూల్స్ మూడే. ఫోన్లు బయట. సబ్‌టైటిల్స్ లేవు, బొమ్మ మీద అక్షరాలంటే గోడ మీద పాలవాడి లెక్కలు రాసినట్టే. మాట్లాడకూడదు, డౌట్లుంటే సినిమా అయ్యాక.

అమ్మకి మూడోదే రాదు. ఏమన్నాడు? అంటుంది. చెప్తాను. రెండు నిమిషాలకి, అదేంటి, ఏడుస్తోందెందుకు, ఏమన్నాడు? అంటుంది. ఇవాళ నాలుగోసారి అడిగేసరికి ఏమీ అనకుండా పాజ్ నొక్కాను. రిమోట్ ఒళ్ళో పెట్టుకుని అమ్మ వైపు తిరిగి కూర్చున్నాను. తెర మీద హీరో నోరు తెరుచుకుని ఆగిపోయాడు. అయ్యాక చెప్తా అన్నాను. ఒక్కొక్క అక్షరం విడివిడిగా.

సరే సరే, వెయ్యి అంది.

అయ్యాక మాత్రం ఏమీ అడగలేదు. కుర్చీ వెనక్కి జరిపి, చాలా బాగుంది అని వెళ్ళిపోయింది. ఏం బాగుందో అడుగుదామనుకున్నాను. ఎందుకులే, మళ్ళీ పెద్ద కథ.

పాజ్ బాగా పనిచేస్తోంది.


జూన్ 14

ఎవరో నా ప్లేయర్ ముట్టుకున్నారు.


జూన్ 16, ఆదివారం

దొంగ ఇంట్లోనే ఉంది.

ఇవాళ పడవ సినిమా. ఇద్దరన్నదమ్ములు, ఒక పడవ, రెండు గంటల గొడవ. కొని చాలా రోజులైంది, సీల్ తీసి పెట్టాను గానీ ఇంకా వెయ్యలేదు. ఈ ఆదివారం అదే అని వారం ముందే ఇంట్లో చెప్పాను. డిస్క్ పెట్టగానే మొదటినుంచి రావాలి కదా. చివరి సీనులోంచి మొదలైంది! ఎవరైనా మధ్యలో ఆపితే మళ్ళీ అక్కడినుంచే ఎత్తుకుంటుంది మా ప్లేయర్. పైగా సబ్‌టైటిల్స్ ఆన్‌లో ఉన్నాయి. చివర ఎవడు పడవ దిగుతాడో నాకు తెలిసిపోయింది.

చెల్లి మీదికి వెళ్ళాను. అది నూనె రాసుకున్న తలతో లేచి, నీ డిస్కుల మీద నా నీడ కూడా పడదు, పడితే అది కూడా తుడుస్తావు నువ్వు అంది. నాన్న, పోనీలేవే, కరెంటు పోయొచ్చినప్పుడు అదే తిరిగుంటుంది అన్నాడు. డ్రైవింగ్ నేర్పే మనిషి చెప్పే మాటేనా అది? నేను ఇల్లు లేచిపోయేలా అరిచాను. నా వస్తువుకి ఈ ఇంట్లో విలువ లేదన్నాను. అమ్మ అక్కడే బట్టలు మడతపెడుతోంది. మడతపెడుతూనే ఉంది. ఒకే చొక్కాని రెండుసార్లు.

సినిమాకి మాత్రం వచ్చి కూర్చుంది, తన మామూలు చోట, ఎడమ వెనక స్పీకర్ పక్కన. (సోఫా ఉంటే స్పీకర్‌కి అడ్డమని బాల్కనీలో పడేశాను. అమ్మది ప్లాస్టిక్ కుర్చీ.) ఇవాళ ఒక్కసారి కూడా ఏమన్నాడు అనలేదు. మెచ్చుకోవాల్సిందే. నవ్వాల్సిన చోట నవ్వింది కూడా. ఒక చోటైతే తమ్ముడు ఆ మాట అనకముందే నవ్వింది. ఎలా ఊహించిందో.


జూన్ 23, ఆదివారం

గ్రూపువాళ్ళు వచ్చారు. డెసిబెల్ మామ, ఆయనతో డిస్కులు మార్చుకునే బ్యాంకు దంపతులు. మామ నా కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని వాన సీను విన్నాడు. కళ్ళు తెరిచి, అమ్మాయ్, నీకు చెవులున్నాయి అన్నాడు. ఆ గ్రూపులో ఇంతకంటే పెద్ద బిరుదు లేదు. ఆఫీసులో రోజంతా వేరేవాళ్ళ స్లైడ్లలో కామాలు దిద్దుతాను, ఇప్పటిదాకా ఎవరూ నన్ను ఒక్క మాట మెచ్చుకోలేదు. అందుకే కాస్త ఎగిరాను.

అమ్మ టీ తెచ్చింది. మామ మర్యాదగా, మీకు ఎలాంటి సినిమాలు ఇష్టమండీ అని అడిగాడు. ఆయన అప్పుడు డిస్కుల అర వైపు తిరిగి ఉన్నాడు. అమ్మ, అవునండీ అంది.

బ్యాంకావిడ కప్పులోకి చూసుకుంది. మామ మళ్ళీ అడిగాడు, అర వైపే చూస్తూ. అమ్మ ఇంకొంచెం పెద్దగా నవ్వి, అవునవును అంది.

నేనన్నాను, వదిలేయండి మామా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, నేను ఆదివారం ఆదివారం ఊదుతూనే ఉన్నాను అని.

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, అందరికంటే కాస్త ఆలస్యంగా. ఏమీ అనుకోదు అమ్మ, అదే నాకిష్టం.

రాయడం అయిపోయింది గానీ పెన్ను మూయబుద్ధి కావడం లేదు. ఎందుకో తెలీదు.


జూన్ 27, గురువారం, రాత్రి

తలనొప్పని ఆఫీసు నుంచి త్వరగా వచ్చేశాను. అమ్మకి గురువారం ఒంటిపూట. తను పనిచేసే కొరియర్ ఆఫీసు కౌంటర్ మధ్యాహ్నానికి మూసేస్తారు.

తాళం చెవితో తలుపు తీశాను. అమ్మా అన్నాను. బ్యాగు బల్ల మీద పడేశాను, దాని బకిల్ టంగుమంది. ముందుగదిలో టీవీ వెలుగుతోంది. సౌండ్ లేదు.

అమ్మ తన కుర్చీలో లేదు. వంటింటి స్టూలు తెచ్చుకుని తెరకి దగ్గరగా, చిన్నపిల్లలా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. కింద సబ్‌టైటిల్స్ పడుతున్నాయి. వాటితో పాటు అమ్మ పెదవులు కదులుతున్నాయి. ఒక చోట రిమోట్‌తో వెనక్కి తిప్పి, అదే మాట మళ్ళీ చదువుకుంది. మళ్ళీ తిప్పింది. పరీక్షకి చదివినట్టు.

అది నేను ఈ ఆదివారం వేస్తానని చెప్పిన సినిమా.

నేను అమ్మ వెనక, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి ఉన్నాను. మళ్ళీ పిలిచాను. అమ్మా. మామూలు గొంతుతోనే. అమ్మ తిరగలేదు.

బ్యాగు తీసుకుని బయటికొచ్చి తలుపు మెల్లిగా మూశాను. ఎందుకు మెల్లిగా? నాకే నవ్వొచ్చింది, ఛీ. తర్వాత బెల్ కొట్టాను. కొడుతూ నిలబడ్డాను. ఎదురింటాయన తలుపు తీసి చూశాడు, మా తలుపు తెరుచుకోలేదు.

వీధి చివర చెప్పుల షాపులోకి వెళ్ళి, కొనని చెప్పులన్నీ వేసుకుని చూసి, రోజూ వచ్చే టైముకి ఇంటికొచ్చాను. అమ్మ వంటింట్లో ఉంది. టీవీ ఆపేసి ఉంది. స్టూలు దాని చోట అది ఉంది. తలనొప్పి అన్నావు పొద్దున, తగ్గిందా అంది నా నోటివైపు చూస్తూ.

నోటివైపు. ఎప్పుడూ కళ్ళలోకి చూడదని నాకో ఫిర్యాదు ఉండేది.


జూన్ 28

దొరికింది! మధ్య స్పీకర్! మాటలు వచ్చేది దాంట్లోంచే, దాన్ని తగ్గించింది నేనే. పైగా కొలిచింది నా కుర్చీకి. అమ్మ కుర్చీ పక్కన వెనక స్పీకర్ చెవిలో అరుస్తుంటే మాటలేం వినపడతాయి? అమ్మ చెవులకేం కాలేదు. తప్పంతా నా సెట్టింగుదే.

నా తప్పే అయితే బాగుణ్ణు అని జీవితంలో మొదటిసారి అనుకుంటున్నాను.

బెల్ సంగతి ఇప్పుడు ఆలోచించను.


జూన్ 30, ఆదివారం

రాయాలి. లేకపోతే రేపటికల్లా నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

మధ్య స్పీకర్ బాగా పెంచాను. అమ్మని తన కుర్చీలో కూర్చోబెట్టి, నీ కోసం సౌండు సరిచేస్తున్నానమ్మా, ఏ స్పీకర్ కూస్తే దాన్ని వేలితో చూపించు అన్నాను. అమ్మ ఎంత సంబరపడిందో. నా కోసమా అంది. జుట్టు చెవుల వెనక్కి సర్దుకుంది.

మొదటి కూత ఎడమ. చూపించింది. మధ్య. చూపించింది. కుడి, కుడి వెనక, ఎడమ వెనక. అన్నీ కరెక్ట్. నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చెల్లి కూడా. నేను గెలిచినట్టు వాళ్ళవైపు చూశాను కూడా.

అప్పుడు కనిపించింది. అమ్మ నా వైపు చూడటం లేదు, స్పీకర్లవైపూ చూడటం లేదు. రిసీవర్ వైపు చూస్తోంది. దాని డిస్‌ప్లే మీద ఏ స్పీకర్ కూస్తుంటే ఆ పేరు పడుతుంది. చూసి చెప్తోంది.

అక్కడ ఆపేయాల్సింది. ఎవరైనా ఆపేస్తారు. నేను లేచివెళ్ళి, దుమ్ము తుడిచే గుడ్డ తీసి డిస్‌ప్లే మీద కప్పాను.

అమ్మకి అర్థమైంది. ముఖం చూస్తేనే తెలిసింది. అయినా నేను రిమోట్ నొక్కాను. ఈసారి వరసలో కాదు, తారుమారుగా. మొదట ఎడమ వెనక, అమ్మ చెవి పక్కనే ఉన్నది. సన్నటి కూత. అమ్మ కాసేపు ఆగి, ఇందాకటి వరస గుర్తుపెట్టుకుని, ఎదురుగా ఉన్న ఎడమ స్పీకర్‌ని చూపించింది. అందులో ఏ చప్పుడూ లేదు. మళ్ళీ నొక్కాను. కూత కుడి నుంచి వస్తుంటే అమ్మ మధ్యదాన్ని చూపించింది. మళ్ళీ నొక్కాను. ఈసారి చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

చాలు తల్లీ అన్నాడు నాన్న. నా మీద ఎప్పుడూ గొంతు పెంచడు. ఇప్పుడూ పెంచలేదు.

చివరికి రిసీవర్ దానంతటదే సబ్‌వూఫర్‌కి మారింది, అది గుంయ్‌మంది. అమ్మ టక్కున మూలకి చూపించి, ఇది వినపడింది అంది. నవ్వడానికి చూసింది. నీ బాంబులు బాగానే వినపడతాయే, మనుషులే వినపడరు అంది.


జూన్ 30, సాయంత్రం

నాన్నకి ఏడాదిగా తెలుసట. చెల్లికీ తెలుసు. చెల్లి ఎప్పుడూ అమ్మ ఎదురుగా వెళ్ళి నిలబడి, భుజం తట్టి మాట్లాడుతుంది. కాకా పడుతోందనుకునేదాన్ని. నాన్న గదిలోకి రాగానే లైటు ఒకసారి ఆర్పి వెలిగిస్తాడు. స్విచ్చు వదులైందేమో అనుకునేదాన్ని. ఇంట్లో చెవులున్నదాన్ని నేనొక్కదాన్నే.

నాకెందుకు చెప్పలేదని చెల్లిని అడిగాను. మొదట నువ్వెప్పుడడిగావు అంది. తర్వాత కాస్త మెత్తబడి, అమ్మే వద్దంది అక్కా అంది. కౌంటర్‌లో ఎవరికీ తెలియకూడదు, తెలిస్తే వెనక గదిలో పార్సిళ్ళు సర్దే పని ఇస్తారని భయం. అది ఒకటి. నాకు చెప్పకపోవడానికి కారణం వేరేనట. ఆ ఒక్క గదిలోకే అది నన్ను పిలుస్తుంది, వినపడదని తెలిస్తే అదీ మానేస్తుంది అందట అమ్మ.

శంఖం మాట కూడా అమ్మకి తెలుసట. ఆ రోజు నేను అమ్మకి ఎదురుగా నిలబడి అన్నాను కదా. నా నోరు చూసి చదువుకుంది. చదువుకుని, అందరితో పాటు నవ్వింది.

ఇక రాయలేను.


జూలై 2

అమ్మకి సారీ చెప్పాను. వంటింట్లో, కుక్కర్ పక్కన. కుక్కర్ కూసింది. చెప్పింది నాకే వినపడలేదు. అమ్మ, ఏంటమ్మా అంది. ఏం లేదన్నాను.


జూలై 7, ఆదివారం

అమ్మ రాలేదు. కొంచెం పనుంది, నువ్వు చూసుకో అంది. సబ్‌టైటిల్స్ వేస్తానమ్మా అన్నాను. వద్దులే, అక్షరాలంటే నీకు చిరాకు కదా అంది. నిష్ఠూరం కాదు. నాకు అన్నం మెత్తగా ఉంటే పడదని చెప్పినట్టే చెప్పింది. అదే భరించలేకపోయాను.

ఒక్కదాన్నే చూశాను. సౌండ్ అద్భుతం.


జూలై 10

చెవుల డాక్టర్ దగ్గరికి నేను తీసుకెళ్తానన్నాను. నువ్వొద్దు, నువ్వు డాక్టర్నే సరిచేస్తావు అంది అమ్మ. చెల్లి విరగబడి నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, ఈసారి చెల్లికంటే ముందు. నన్ను చూసి నవ్వే హక్కు వాళ్ళకుంది. నేనూ నవ్వాను. కాస్త ఆలస్యంగా.

చెల్లే తీసుకెళ్ళింది. సన్నటి శబ్దాలు చాలావరకు పోయాయట. స, శ, ట, త లాంటివి అందవు. అంటే మాట వస్తుంది గానీ, దాని అంచులు రావు. చెవుల్లో మిషన్లు పెట్టుకోవాలి. అమ్మ ఆలోచిస్తానంది. మిషన్ కనిపిస్తే కౌంటర్‌లో ఏమంటారో అని. నాన్న, కళ్ళజోడు పెట్టుకున్నోళ్ళని ఎవరేమంటున్నారే అన్నాడు. కళ్ళజోడుని చూసి ఎవరూ గట్టిగా అరవరండీ అంది అమ్మ.

పార్సిల్ నంబర్లు ఇన్నాళ్ళూ ఎలా రాసుకుందో అడిగాను. మనుషుల చేత్తోనే రాయించుకుంటుందట. పెన్ను అందించి, మీ అక్షరం బాగుంటుంది, మీరే రాయండి అంటుందట. ఎవరూ కాదనరు, మెచ్చుకోలు కదా అంది.

నీకు చెవులున్నాయి అంటే నేను ఎగిరినట్టే.


జూలై 14, ఆదివారం

మైకు స్టాండు తీసుకెళ్ళి అమ్మ కుర్చీ దగ్గర పెట్టి, మళ్ళీ మొత్తం కొలిచాను. ఫ్రిజ్ ఆపేయలేదు. వెనక స్పీకర్ని అమ్మ చెవికి దూరంగా జరిపాను. మధ్య స్పీకర్ని కుర్చీ ఎత్తుకి తిప్పాను. దీనివల్ల అమ్మకి వినపడదని నాకు తెలుసు. అయినా చేశాను. చెయ్యడానికి నాకు ఇంకేం వచ్చు గనక.

అయ్యాక నా కుర్చీలో కూర్చుని వాన సీను వేశాను. వాన పక్కింట్లో పడుతున్నట్టుంది.

డెసిబెల్ మామ ఫోన్ చేసి, ఈ వారం మీ ఇంటికి వచ్చి వినొచ్చా అన్నాడు. రావొద్దన్నాను. ఎందుకని అడిగితే చెప్పాల్సొచ్చింది, చెప్పాను. శంఖం మాటతో సహా. నేను డిస్కుల అర వైపు తిరిగి అడిగాను కదా అన్నాడు ఆయన. మళ్ళీ కాసేపటికి, మా ఇంట్లో అసలు రెండో కుర్చీ లేదమ్మాయ్ అన్నాడు.


జూలై 17

ఎదురుగా వెళ్ళి నిలబడి, భుజం తట్టి అడిగాను. గురువారం నువ్వు చూసేటప్పుడు నేను కూడా వచ్చి కూర్చోనా అని. సెలవు పెడతాను అన్నాను.

అమ్మ నా నోటివైపు చూస్తూ ఉండిపోయింది. మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత, రా, కానీ మాట్లాడకూడదు మరి అంది.


జూలై 18, గురువారం

సౌండ్ లేదు. అక్షరాలున్నాయి. అమ్మ స్టూలు మీద, నేను కింద. రిమోట్ అమ్మ దగ్గర.

నేను అమ్మ పెదవుల వైపు చూస్తూ తెర మీద ఒక మాట పోగొట్టుకున్నాను. అమ్మ మోకాలు తట్టి, ఏమన్నాడు అని అడిగాను.

అమ్మ పాజ్ నొక్కింది. రిమోట్ ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది. అయ్యాక చెప్తా అంది.